మంచు మీద ఒక మనిషి ఎక్కువ

వెనక్కి జారడం నాకు నలభయ్యో ఏట వచ్చింది. ముందుకు జారడం ఇప్పటికీ అంతంతమాత్రమే. నేను ఆడేది ఐస్ హాకీ, అందులోనూ డిఫెన్స్, అంటే మా గోల్ దగ్గర కాపలా. ఎదుటి జట్టువాళ్ళు కర్రలు పట్టుకుని మీదికి దూసుకొస్తుంటే వాళ్ళ మొహాల్లోకి చూస్తూనే వెనక్కి వెనక్కి పోవాలి తప్ప వీపు తిప్పకూడదు. "మా అమ్మ ముందు ఇన్నేళ్ళూ నువ్వు చేసింది అదే కదా, కొత్తేముంది" అని మావారు వేళాకోళం చేశారు. తెనాలికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, "కర్రాబిళ్ళా? ఈ వయసులోనా?" అంది. మంచు మీద ఆడే కర్రాబిళ్ళ అనుకో అమ్మా అన్నాను. బిళ్ళ అన్న మాట మాత్రం సరిగ్గా సరిపోయింది. పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ గట్టిగా తగిలితే ప్యాడ్ కింద కూడా ఒళ్ళు కమిలిపోతుంది.

అసలు చేరింది మా ఆఫీసు కిచెన్‌లో ఫ్రిజ్ మీద అంటించిన ఒక కాగితం చూసి. ఆడవాళ్ళకి హాకీ, ఏమీ రాకపోయినా పర్లేదు, రండి అని ఉంది. నేను న్యూజిలాండ్‌లో ఈ క్రైస్ట్‌చర్చ్ వచ్చాక ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఉద్యోగానికి వెళితే లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు. ఇల్లు అద్దెకి అడిగితే ఇదివరకు ఇక్కడ ఏ ఫ్లాట్‌లో ఉన్నారు అన్నారు. ఏమీ రాకపోయినా పర్లేదన్నది ఆ హాకీ వాళ్ళొక్కళ్ళే. వెళ్ళి చూద్దును కదా, నిజంగానే అక్కడ ఎవరికీ పెద్దగా ఏమీ రాదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజు చిన్నపిల్లలు పట్టుకుని నిలబడే ప్లాస్టిక్ పెంగ్విన్ బొమ్మని వాటేసుకుని రింక్ అనే ఆ మంచు మైదానం చుట్టూ తిరిగాను. బొమ్మ వదిలిన ప్రతిసారీ పడ్డాను. అలా పడి ఉన్నప్పుడే ఒక పెద్ద చెయ్యి నన్ను మెడ దగ్గర జెర్సీ పట్టుకుని లేపింది. "పడటం బాగా వచ్చు నీకు. ఇక లేవడం చూద్దాం," అందావిడ. యాభై దాటిన మనిషి, దిట్టంగా ఉంటుంది, స్కూలు బస్సు నడుపుతుంది. ఒక్కతే ఉంటుంది. డిఫెన్స్‌లో ఎప్పుడూ ఇద్దరిద్దరు జోడీగా ఆడతారు. ఆ సీజన్‌లో ఆవిడ జోడీ ఊరు మారిపోయిందట. నన్ను పెట్టుకుంది.

ఆవిడ నేర్పిన శాస్త్రమంతా ఒక్క ముక్కే: నువ్వు వెళ్ళు, నేను ఉంటా. బిళ్ళ మూలకి వెళితే ఒకరే దాని వెనక పోవాలి, రెండోవాళ్ళు గోల్ ముందు కదలకుండా నిలబడాలి. ఇద్దరూ పోయారా, కొంప మునిగినట్టే. నాకు తొందరెక్కువ, కోపమెక్కువ, కాబట్టి వెళ్ళేది నేను. ఉండేది ఆవిడ. కొన్నాళ్ళకి అరుచుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆవిడ గడ్డం కాస్త పైకెత్తితే నేను వెళ్ళిపోయేదాన్ని.

అలా మూడు చలికాలాలు ఆడాం. ఆదివారం సాయంత్రం ఆట, ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో తడిసిన చేతితొడుగులు హీటర్ దగ్గర ఆరేసి ఇద్దరం ఒకే బెంచీ మీద కూలబడటం. నేను డబ్బాలో పులిహోర తెచ్చేదాన్ని. ఆవిడ ఫోర్కుతో తినేది, మిరపకాయలు ఏరి నా మూత మీద పెట్టేది. శరదృతువులో వాళ్ళ పెరట్లో రాలిన, జామపండులా ఉండే ఫీజోవా పళ్ళు సంచీ నిండా తెచ్చి నా కారులో పడేసేది. ఈ దేశంలో నాకు తెలిసినవాళ్ళందరూ ఎవరో ఒకరి ద్వారా వచ్చినవాళ్ళే. కొందరు మావారి స్నేహితుల భార్యలు, కొందరు తెలుగు సంఘం ఆంటీలు, మిగతావాళ్ళు పిల్లల స్కూలు దగ్గర పలకరించేవాళ్ళు. నేనంటూ వెళ్ళి, పడి లేచి, సంపాదించుకున్న మనిషి ఈవిడొక్కతే. ఆవిడ నా జోడీ అని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వమో చెప్పలేను.

అప్పుడు మా తోటికోడలు వచ్చింది.

మా మరిది భార్య. పెళ్ళికి ముందు ఇదే ఊళ్ళో రిక్కార్టన్ పేటలో నలుగురు అమ్మాయిలతో ఫ్లాట్‌లో ఉంటూ చదువుకుంది, ఇప్పుడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. మంచిపిల్ల. అదే నాకున్న ఇబ్బంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. అక్కా అక్కా అంటూ చుట్టూ తిరుగుతుంది, మీరు అనే తప్ప నువ్వు అనదు, అడక్కుండానే గిన్నెలు కడిగేస్తుంది. "తనకి ఇక్కడ ఏమీ తోచట్లేదుట, మీ హాకీకి తీసుకెళ్ళొచ్చుగా" అన్నారు మావారు. "ఆ చలికి తట్టుకోలేదులెండి" అన్నాను. "నువ్వు తట్టుకోలేదూ?" అన్నారు. ఇక తప్పేదేముంది, తీసుకెళ్ళాను.

"భయంగా ఉందక్కా," అంది గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని. నేను పెద్దరికంగా, "పెంగ్విన్‌ని పట్టుకో, పర్లేదు, అందరం పడ్డవాళ్ళమే" అన్నాను. ఆ పిల్ల మంచు మీద కాలు పెట్టింది. రెండడుగులు తడబడింది. ఆ తర్వాత చెయ్యి వదిలేసి జర్రున అవతలి చివరిదాకా వెళ్ళి, అక్కడ గిర్రున తిరిగి, నావైపు చూస్తూ వెనక్కి జారుకుంటూ రింక్ అంతా చుట్టొచ్చింది. నాకు మూడేళ్ళు పట్టిన విద్య అది.

"ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాను.

"విశాఖలో చిన్నప్పుడు చక్రాల స్కేటింగ్ చేసేదాన్నక్కా. ఇదీ అదీ ఒకలాగే ఉంది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదక్కా."

ఒళ్ళు మండింది. మా కెప్టెన్ పశువుల డాక్టరు, ఊరికే పొగిడే మనిషి కాదు. ఆమె కూడా ఈల వేసింది. నా జోడీ అయితే అంచుగోడ మీద రెండు మోచేతులూ ఆనించుకుని, బస్సులో కొత్తగా ఎక్కిన బుద్ధిమంతురాలైన పిల్లని చూసినట్టు చూస్తోంది. ఆ చూపు చూడగానే నాకు అర్థమైపోయింది.

రెండు వారాలు కూడా ఆగలేదు కెప్టెన్. డ్రెస్సింగ్ రూమ్ తెల్లబోర్డు మీద జోడీలు రాసింది. ఆవిడ పక్కన మా తోటికోడలు. నా పక్కన యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి. బిళ్ళ తనవైపు వస్తే కళ్ళు మూసుకునే రకం. "నువ్వు అనుభవం ఉన్నదానివి, కొత్తవాళ్ళని చూసుకోగలవు," అంది కెప్టెన్ నా భుజం తట్టి. మరి నా తోటికోడలు కొత్తది కాదా? దాన్ని చూసుకోవడానికి నేను పనికిరానా? ఇవన్నీ మనసులోనే అనుకున్నాను. పైకి మాత్రం "ష్యూర్, నో వర్రీస్" అన్నాను. ఈ దేశంలో ఉండగా ఉండగా ఏడుపొచ్చినా నోట్లోంచి అదే వస్తుంది.

ఆ సీజనంతా బెంచీ మీద కూర్చుని వాళ్ళిద్దరినీ చూడటమే నా పని. జోడీలు వంతులవారీగా దిగుతాయి కాబట్టి వాళ్ళు ఆడుతున్నప్పుడు నేను కూర్చోవాలి, నేను ఆడుతున్నప్పుడు వాళ్ళు పక్కపక్కన కూర్చుని నీళ్ళ సీసా మార్చుకుంటూ నవ్వుకోవాలి. ఏమిటో అంత నవ్వు! ఆట మీద కన్నుంచక వాళ్ళ వైపు చూసి ఒకసారి బిళ్ళ నా కాళ్ళ మధ్య నుంచి పోనిచ్చాను. ఆ యూనివర్సిటీ పిల్ల పాపం కళ్ళు తెరిచి, సారీ చెప్పింది నాకు.

తిండి దగ్గర కూడా అంతే. మా తోటికోడలు ఒక ఆదివారం సున్నుండలు చేసి తెచ్చింది. నా జోడీ, నా పులిహోర మూడేళ్ళు తిన్న ఆ నోటితోనే, "ఇండియా నుంచి వచ్చిన వాటిలో ఇంత రుచైనది నేను తినలేదు," అంది. ఇంకో రెండు కాగితంలో చుట్టుకుని, పొద్దున్న బస్సులో తింటానంది. ఆరోజు నా డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చాను. మావారు ఫ్రిజ్‌లోంచి తీసి తింటూ, "ఇవాళ మిగిల్చారేం?" అన్నారు. "నోరు మూసుకుని తినండి," అన్నాను.

అన్నిటికంటే నన్ను దహించింది వేరే సంగతి. ఒక ఆటలో మా తోటికోడలు ఆవిణ్ణి "అక్కా!" అని పిలిచింది.

కారులో నిలదీశాను. "ఆవిడకి పేరుంది కదా. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు."

"అంత పెద్దావిడని పేరు పెట్టి ఎలా పిలవనక్కా? నాకు నోరు రాదు."

"అయితే ఆంటీ అను."

"అమ్మో, ఆంటీ అంటే ఏమనుకుంటుందో! అక్కా అంటే బాగుందంది. అర్థం కూడా అడిగి చెప్పించుకుంది."

చెప్పించుకోవడమే కాదు. మా వాళ్ళు హెల్మెట్ ముందు తెల్ల టేపు అంటించి దాని మీద పేర్లు రాసుకుంటారు. మరుసటి వారం ఆవిడ హెల్మెట్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో అక్క అని ఉంది. తనకి అక్కచెల్లెళ్ళు ఎవరూ లేరని, ఇన్నాళ్ళకి ఒక చెల్లెలు దొరికిందని అందరికీ చూపించుకుంటోంది. నేను మూడేళ్ళు పక్కన ఆడి ఒక్కనాడూ ఆ పిలుపు పిలవలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. పోనీ ఇటు చూస్తే, మా ఇంటి వరసన ఆ పిల్లకి అక్కని నేను. పెళ్ళిలో పసుపు కుంకుమలు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నదాన్ని నేను. అటు నా జోడీ పోయింది, ఇటు నా వరస కూడా పోయింది. రెండు వైపులా దోచుకుపోయిన ఆ పిల్లేమో నా పక్క సీట్లో కూర్చుని, "మీకు చలేస్తోందా అక్కా, హీటర్ పెంచనా?" అంటోంది.

సీజన్ చివరికొచ్చేసరికి ఆవిడ మోకాలు మొండికేసింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందని నేను ముందే చూశాను. ఆఖరి ఆటకి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆవిడే చెప్పింది, మోకాలికి ఆపరేషనట, డాక్టరు ఇక మంచు ఎక్కొద్దన్నాడట, ఇదే చివరి ఆటట. అందరూ లేచి కౌగిలించుకున్నారు. నేను ఆగాను. చివరి ఆట కదా, పాత జోడీతో ఆడతానంటుందేమోనని ఆశ పడ్డాను. కెప్టెన్ కూడా, "నీ ఇష్టం, ఎవరితో ఆడతావు?" అని అడిగింది. ఆవిడ నావైపు చూడలేదు. "బోర్డు మీద ఉన్నట్టే ఉండనీ. గెలిచి పోవాలనుంది," అంది.

గెలిచి పోవాలట! నాతో ఆడితే ఓడిపోతామనే కదా దానర్థం? స్కేట్ల తాళ్ళు ఎంత గట్టిగా లాగానంటే ఒకటి తెగింది.

ఆ ఆటలో జరిగింది మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఐస్ హాకీలో ఆట ఆగకుండానే మనుషులు మారతారు. ఒకరు గేటు దగ్గరికి రాగానే ఇంకొకరు దూకాలి. లెక్క మాత్రం తప్పకూడదు, ఒక్క మనిషి ఎక్కువైనా తప్పే. మేము ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నాం, ఇంక కాసేపట్లో ఆట అయిపోతుంది. ఆవిడ కుంటుకుంటూ గేటు వైపు వస్తూ కర్ర పైకెత్తింది. అంటే నేను దిగాలి. దిగాను. ఆ సీజన్‌లో మొదటిసారి నేనూ మా తోటికోడలూ కలిసి మంచు మీద ఉన్నాం.

అంతలో బిళ్ళ మా గోల్ వెనక మూలకి పోయింది. మా తోటికోడలు గోల్ ముందుంది. వెళ్ళాల్సింది నేను. మామూలు జట్టులో అయితే "గో" అని అరిచేవాళ్ళు. ఆ మహాతల్లికి నన్ను ఏకవచనంలో అదిలించడానికి నోరు రాదు కదా. "అక్కా! వెళ్ళండి!" అని అరిచింది.

నేను వెళ్ళాను. అప్పటికే ఒక కాలు గేటు బయట పెట్టిన ఆవిడ, హెల్మెట్ మీద అక్క అని రాసుకున్న ఆవిడ, తన చెల్లెలు తననే పిలిచిందనుకుంది. వెళ్ళండి అంటే ఏం తెలుస్తుంది ఆవిడకి, అక్కా అన్నది మాత్రం గట్టిగా వినపడింది. ఆ కుంటి కాలుతోనే వెనక్కి తిరిగి మూలకి దూసుకొచ్చింది. మూలలో ఇద్దరం ఎదురెదురుగా గుద్దుకుని గోడకి జారగిలబడ్డాం. ఇద్దరూ పోకూడదని నాకు నేర్పిన మనిషి!

"నన్ను పిలిచింది!" అన్నాను.

"నన్ను పిలిచింది!" అందావిడ.

రిఫరీ ఈల ఊదాడు. మంచు మీద ఒక మనిషి ఎక్కువ, రెండు నిమిషాల శిక్ష. జట్టులో ఎవరో ఒకరు శిక్ష గదిలో కూర్చోవాలి, అప్పటిదాకా మా వాళ్ళు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఎవరు కూర్చోవాలో కెప్టెన్ ఇష్టం. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్ళిద్దరూ డిఫెన్స్‌లో ఉంటారు. నువ్వు వెళ్ళి కూర్చో," అంది నాతో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు పిలిచింది ఒకతి, తప్పు విన్నది ఇంకొకతి, కూర్చున్నది నేను! గాజు గోడ వెనక ఆ ఇరుకు గదిలో కూర్చుని తెలుగులో నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పక్కన గడియారం చూసే ముసలాయన, బాగానే ఉన్నావా తల్లీ అన్నట్టు, "ఆల్ రైట్, లవ్?" అన్నాడు. ఆయన్ని కూడా తిట్టాను, తెలుగులోనే.

అయినా కళ్ళు మూసుకోలేను కదా, చూశాను. చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, బాగా ఆడారు. ఆవిడ గోల్ ముందు కదలకుండా నిలబడి గడ్డం ఎత్తుతోంది, ఆ పిల్ల రివ్వున పోయి బిళ్ళ తెచ్చి అవతలికి కొడుతోంది. ఆ గడ్డం ఎత్తడం నాది. నాకోసం పుట్టింది ఆ సైగ. నేను వెళ్ళేదానికంటే ఆ పిల్ల రెండింతలు వేగంగా వెళుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. ఏడుపొచ్చింది. హెల్మెట్‌లో ఉంటే కళ్ళు తుడుచుకోవడం కూడా కుదరదు.

గెలిచాం. అందరూ ఆవిడ మీద పడ్డారు. నేను శిక్ష గది తలుపు తీసుకుని అందరికంటే ఆఖర్న చేరాను. అప్పటికే ఆవిడా మా తోటికోడలూ హెల్మెట్‌కి హెల్మెట్ ఆనించి నిలబడ్డారు. నేను అటూ ఇటూ చూసి గోల్‌కీపర్‌ని కౌగిలించుకున్నాను.

బట్టలు మార్చుకుని బ్యాగు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి వెళితే ఆవిడ నా కారుకి ఆనుకుని ఉంది. మా తోటికోడలు ఇంకా లోపలే ఫోటోలు దిగుతోంది.

"గురువారం ఆపరేషన్," అంది. "నువ్వు నన్ను దింపాలి. ఇంటికొచ్చాక మొదటి కొన్ని రోజులు ఎవరైనా దగ్గరుండాలట. నువ్వు ఉంటావా?"

నేను ఆపుకోలేక అడిగేశాను. "దాన్ని అడగకపోయావా? నీ చెల్లెల్ని?"

ఆవిడ నవ్వింది. "ఆ పిల్లకి ఏం చెప్పినా సరే అంటుంది. మంచం దిగనని నేను మొండికేస్తే సరే అంటుంది. మందు వద్దంటే సరే అంటుంది. నాకు తిట్టేవాళ్ళు కావాలి. అలాంటిదానివి నాకు తెలిసి నువ్వొక్కదానివే."

"తిడతాను," అన్నాను. "సెలవు పెడతాను. పులిహోర తెస్తాను. మిరపకాయలు వెయ్యను."

"వెయ్యి. నీ మూత మీద పెట్టకపోతే నాకు తోచదు," అని, కుంటుకుంటూ తన కారు వైపు వెళ్ళిపోయింది.

ఇంటికి వెళుతూ దారిలో మా తోటికోడలికి చెప్పాను. చెప్పకుండా ఉండగలనా? ట్రాఫిక్ లైటు దగ్గర ఒకసారి చెప్పాను. వినపడలేదేమోనని లైటు దాటాక ఇంకోసారి చెప్పాను. గురువారం ఆవిణ్ణి నేనే తీసుకెళుతున్నాను, వాళ్ళింట్లో నేనే ఉంటున్నాను, ఆవిడే అడిగింది, నాకోసం చలిలో నిలబడి మరీ అడిగింది.

ఆ పిల్ల కిటికీ వైపు తిరిగింది. చిన్నగా, "ఆసుపత్రిలో పనిచేసేది నేను కదక్కా," అంది. "నాతో ఒక్క మాటైనా అనలేదు. బెంచీ మీద ఎప్పుడు చూసినా మీ సంగతులే చెప్పేది. మీరు పెంగ్విన్‌ని వాటేసుకున్నది, కోపమొచ్చి రిఫరీని తెలుగులో తిట్టింది, అవే చెప్పి నవ్వేది. నాతో ఆట తప్ప ఇంకేం మాట్లాడలేదు. నన్ను అడగొచ్చుగా."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. సీజనంతా నా లోపల నేను విన్న గొంతే అది. జాలి పడాల్సింది. ఎంత వెతుక్కున్నా ఇసుమంత జాలి కూడా దొరకలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో ప్రాణానికి!

"సాయంత్రాలు చూడ్డానికి నువ్వూ రావచ్చులే," అన్నాను. "ఆవిణ్ణి ఒక మాట అడిగి చెప్తాను."